ముసలి ఇంజనుకు పల్చటి ఆయిలు

పాప నాన్నగారికి,

మీ ఇంటిది నమస్కారాలతో రాయునది. ఇక్కడ నేనూ పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. మీరూ అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను అని రాయడం మర్యాద. ఆ గోడల మధ్య క్షేమం ఏపాటిదో నాకు తెలియక కాదు. వేళకి ఇంత తింటున్నారనీ, నడుము నొప్పి మరీ ఎక్కువ కాలేదనీ అనుకుని సరిపెట్టుకుంటున్నాను.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. లేకపోతే "నేనడిగింది వదిలేసి లోకంలో సంగతులన్నీ రాశావు" అని మళ్లీ దెప్పుతారు.

పాప బడికి వెళ్తోంది. క్లాసులో ఎవరో "మీ నాన్న జైల్లో ఉన్నాడట కదా" అంటే, "మీ నాన్నకి అంబులెన్సు నడపడం వచ్చా?" అని ఎదురడిగిందట. టీచరమ్మ నన్ను పిలిపించి, పిల్లకి కాస్త నోరు తగ్గించమని చెప్పండి అంది. ఆ నోరు ఎవరిదో మీరు చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు. రాత్రిళ్లు మాత్రం మీ దుప్పటి కప్పుకుంటే తప్ప పడుకోవడం లేదు. ఉతికితే ఊరుకోనంటుంది. ఉతకలేదు.

వంటింట్లో కుళాయి కారడం ఆగలేదు. కింద గిన్నె పెట్టాను. నా పని కూడా పోలేదు, భయపడకండి. కాజాల మిషను మీద నుంచి తీసేసి మూల బల్ల దగ్గర గుండీలు కుట్టమన్నారు. అక్కడైతే పదిమంది పది మాటలు అడగరు, నీ మంచికే అంది సూపర్‌వైజరమ్మ. నా మంచి కోసం ఇంతమంది పాటుపడుతున్నారని నాకిన్నాళ్లూ తెలియలేదు.

చనిపోయిన ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్లి రమ్మన్నారు. వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండుననిపించింది గానీ మీరు రెండు ఉత్తరాల్లో అడిగారు. ఆ రోజు అంబులెన్సులో పిల్ల పక్కన కూర్చున్న ఆవిడే, ఆ అమ్మాయి తల్లి, తలుపు తీసింది. డ్రైవరు గారి భార్యనని చెప్పాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఇంజను ఆగిపోగానే మీ ఆయన వంతెన మీద ప్రతి బండికీ అడ్డం పడ్డాడమ్మా. ఒక లారీ అతన్ని గుద్దేసేదే. అది నేను చూశాను, ఎవరడిగినా చెబుతాను" అంది. మళ్లీ తనే, "అయినా నా కూతురూ లేదు, దాని కడుపులో బిడ్డా లేదు. మీ ఆయన ముఖం మాత్రం నేను మళ్లీ చూడలేను" అంది. చెప్పులేసుకుని వచ్చేశాను.

ఇక మీరు ఆఖర్న రాసిన మాట. దాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. "సోమవారం నేను ఆయిలు కొలిచే డిప్‌స్టిక్కు సరిగ్గా చూసి ఉండను. చూశాననుకుంటున్నాను గానీ చూసి ఉండను. నిండుగా ఉన్న ఆయిలు వారం తిరక్కుండా ఎండిపోవడం ఎక్కడైనా ఉందా? వచ్చే వాయిదాకి తప్పు ఒప్పేసుకుంటాను. అప్పటికి గానీ నాకు నిద్ర పట్టదు" అని రాశారు.

మీరు చూశారు. నిండుగానే ఉంది. ఆ సోమవారం మీరు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఏమన్నారో నాకు బాగా గుర్తుంది. "ముసల్ది ఈ వారం ముద్ద ముట్టలేదే, అలిగిందేమో" అన్నారు. ఆ బండికి వారానికి అరలీటరు ఆయిలని మీరు కట్టిన లెక్క నాకూ కంఠతా వచ్చు. దాని తిండి నాకు తెలుసు, చుక్క ఎక్కువా అడగదు, తక్కువా అడగదు అని పదిమందిలో గొప్పగా చెప్పేవారు. పెళ్లాం తిండి ఎంతో చెప్పమంటే నీళ్లు నమిలేవారు. అలాంటి మనిషి చూడకుండా చూశాననుకున్నాడంటే నేను నమ్మను. నమ్మకం ఒక్కటే అయితే ఇంత ఉత్తరం రాయను. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. తెలిసి రెండు వారాలు దాటింది. పోయిన ఉత్తరంలో కుళాయి సంగతి రాసి ఇది దాచాను. ఇప్పుడు కూర్చుని చదవండి.

అమ్మకి జాకెట్టు చేతులు వదులు చేసి ఇద్దామని ఒక సాయంత్రం తమ్ముడి రిపేరు షెడ్డుకి వెళ్లాను, అమ్మా వాడూ ఉండేది దాని వెనక గదిలోనే కదా. వాడు ఒక కారు కింద దూరి పనిలో ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మీరు జైలుకి వెళ్లినప్పటి నుంచి వాడు నా ముఖంలోకి చూడడం లేదు. సిగ్గుపడుతున్నాడు, బావని విడిపించలేకపోయానని కుమిలిపోతున్నాడు అనుకున్నాను. పిచ్చిదాన్ని. జాలిపడి వాడికి మీ స్వెట్టరు కూడా ఇచ్చాను. అందుకే మీరు అడిగిన స్వెట్టరు పంపలేదు.

నేను గుమ్మంలో ఉండగానే తెల్ల టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. దాని డ్రైవరు దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, ఆయిలు మార్పించిన దగ్గర్నుంచీ నా బండి నీళ్లు తాగినట్టు తాగేస్తోంది. కింద చూస్తే చుక్క కారడం లేదు. మరి ఎక్కడికి పోతున్నట్టు?"

తమ్ముడు తల బయటికి పెట్టకుండానే అడిగాడు. "ఏ రకం పోయించావ్?"

"కొత్త రకం, పల్చటిది. మైలేజీ పెరుగుతుందన్నారు."

"కొత్త బండికి పెరుగుతుంది. నీది బోరుకొచ్చిన బండి. రింగులు అరిగిపోయాయి. చిక్కటి ఆయిలైతే ఆ సందుల్లో కాస్త నిలబడుతుంది. పల్చటిది పైకి పాకిపోయి డీజిలుతో పాటు కాలిపోతుంది. వేడికి ఆవిరయ్యేదీ ఎక్కువే. కారితే కింద మరక కనిపిస్తుంది, కాలితే ఏం కనిపిస్తుంది? ఇన్నాళ్లూ వారానికి తాగింది ఇప్పుడు ఒకటి రెండు రోజుల్లో తాగేస్తుంది. మళ్లీ చిక్కటిది పోయించుకునేదాకా రోజూ పొద్దున్నే చూసుకో. ఎప్పట్లాగా వారానికోసారి చూస్తానంటే ఇంజను పట్టేస్తుంది, తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే..."

అక్కడ వాడి మాట ఆగిపోయింది. కారు కింద నుంచి జరిగి బయటికొచ్చాడు. నేను జాకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. వాడు నన్ను చూసిన చూపుతోనే నాకు సగం అర్థమైంది. మీ పక్కన ఇన్నేళ్లు కాపురం చేసి ఆ మాత్రం ఆయిలు భాష రాదా నాకు.

టాక్సీ అతను వెళ్లేదాకా ఆగి అడిగాను. "మా ముసల్దాంట్లో ఏం పోశావురా?"

వాడు చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు.

"అంబులెన్సుల ఓనరు కొత్త వ్యానుల కోసం పల్చటిది డ్రమ్ములకి డ్రమ్ములు తెప్పించాడక్కా. రెండు రకాలు స్టోర్లో పెట్టలేను, అన్నిటికీ అదే పొయ్యి అన్నాడు. ఈ బండి తాగేస్తుంది సార్, ముందు రింగులు మార్పించండి అన్నాను. నీ పని పొయ్యడం, పొయ్యి అన్నాడు. పోశాను. ఆ ఆదివారం బావకి సెలవు."

"బావకి చెప్పలేదా?"

"సోమవారం పొద్దున్నే చెబుదామనుకున్నా. రెండు క్లచ్చు పనులు వచ్చిపడ్డాయి. బావ చూసుకుంటాడులే, ఆయనకి తెలియనిదా అనుకున్నా. ముందురోజు నేనే నింపాను కదా, ఆయన చూసేసరికి నిండుగా కనిపించి ఉంటుంది. డీజిలు ఇంజన్లో ఒక తిరుగు తిరగ్గానే ఆయిలు నల్లబడుతుంది, కొత్తదో పాతదో రంగు చూస్తే తెలియదు. ఆ వారమంతా బండిని దూరాలకే పంపారట."

"మరి పోలీసులకి చిక్కటిదే పోశానని చెప్పావట కదా."

"ఓనరు పక్కనే నిలబడ్డాడక్కా. ఎప్పుడూ పోసేదే పోశాడు, డ్రైవరు చూసుకోలేదు, అంతే కదా అన్నాడు. అంతే అన్నాను." ఆ తర్వాత వాడు అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. "బండిని లాక్కొచ్చాక కింద నట్టు విప్పితే టీ గ్లాసుడు ఆయిలు కూడా రాలేదక్కా. అప్పుడే తెలిసిపోయింది నాకు."

వాడి చెంప పగలగొట్టాను. పాతికేళ్లు దాటినవాణ్ణి, వాడికి స్పానరు పట్టడం నేర్పిన మిమ్మల్ని తలుచుకుని కొట్టాను. వాడు చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు.

చప్పుడు విని అమ్మ వెనక గదిలోంచి వచ్చింది. అమ్మకి ముందే తెలుసు. అది నాకు ఇంకో దెబ్బ. "అల్లుడు ఎలాగూ లోపలే ఉన్నాడు. ఇప్పుడు వీణ్ణి కూడా పంపితే ఎవరికి లాభం? పోయిన పిల్ల తిరిగొస్తుందా? షెడ్డు మూతపడితే నాకు ముద్ద పెట్టేదెవరు?" అంది. అల్లుడు కాబట్టి లోపల ఉండొచ్చు, కొడుకు కాబట్టి బయట ఉండాలా అని అడిగాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. ఇక నా గడప తొక్కకు అంది. ఆ వెనక గది గడప మళ్లీ తొక్కలేదు. దారిలో ఎదురైనా తల తిప్పుకుంటోంది.

ఆ తర్వాత నేను వాడికి వారం గడువిచ్చాను. నీ అంతట నువ్వే వెళ్లి చెప్పు, నీకూ మర్యాదగా ఉంటుంది అన్నాను. రేపు వెళ్తానక్కా అన్నాడు. ఆ రేపు రాలేదు. ఈలోగా మీ ఉత్తరం వచ్చింది, తప్పు ఒప్పేసుకుంటానని. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మీకు ముందు రాసి, మీ మాట విని ఏదైనా చెయ్యడం పద్ధతి. ఎందుకు చెయ్యలేదో చెబుతాను. మీరేమంటారో నాకు తెలుసు. "పోనీలేవే, పెళ్లి కావలసినవాడు, నా చేతుల్లో పెరిగినవాడు, నేనెలాగూ అలవాటుపడ్డాను" అంటారు. దయగా ఒక ముక్క రాసి, మర్నాడు కోర్టులో తల వంచుకుని తప్పు నాదేనంటారు. మీ మంచితనం నాకు కొత్త కాదు, దాన్ని ఉతికి ఆరేసుకుంటూ బతుకుతున్నదాన్ని. అందుకని మీకు చెప్పకుండానే చేసేశాను. మొన్న ప్లీడరు గారి దగ్గరికి వెళ్లి, షెడ్డులో విన్నదంతా చెప్పి, ఆయన రాసినదాని కింద సంతకం పెట్టాను. దాన్ని ఆయన స్టేషనుకి పంపారు. పల్చటి ఆయిలు గురించి మేస్త్రీ తనతో అన్నది ఆ టాక్సీ డ్రైవరు కూడా చెబుతానన్నాడు.

ఎవరి ద్వారానో వినడం ఎందుకని నిన్న పొద్దున నేనే షెడ్డుకి వెళ్లి తమ్ముడికి చెప్పాను. ఆ తెల్ల టాక్సీ కిందే ఉన్నాడు. "సంతకం పెట్టేశానురా" అన్నాను. "సరే అక్కా" అన్నాడు, అంతే. లేచి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా రుద్దుకున్నాడు. పారిపోతాడేమో అనుకున్నాను. నిజం చెప్పనా, పారిపొమ్మనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇద్దరం బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. నీకు జ్వరమొస్తే నిన్ను చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తానురా అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

పోలీసు జీపు వచ్చింది. అమ్మ వెనక గదిలోంచి బయటికి రాలేదు. వాడు నెమ్మదిగానే వెళ్లి ఎక్కాడు. ఎక్కినవాడు ఒక్కసారి వెనక్కి తిరిగి, "అక్కా, ఆ టాక్సీలో ఆయిలు దించేశాను, కొత్తది పొయ్యలేదు. తాళం దానికే ఉంది. అతనొచ్చి స్టార్టు చేసేస్తాడు. చెయ్యొద్దని చెప్పు" అన్నాడు. చెబుతానన్నాను. జీపు కదిలాక కూడా తల బయటికి పెట్టి, "మర్చిపోకు" అన్నాడు.

తాళం తీసి చేత్తో పట్టుకుని ఆ టాక్సీ పక్కనే నిలబడ్డాను. పనికి వెళ్లలేదు. మధ్యాహ్నం దాటాక అతను వచ్చాడు. బండి తీయకు బాబూ, ఇంజన్లో ఆయిలు లేదు అని చెప్పాను. చెప్పగానే ఏడుపు వచ్చేసింది. అప్పటిదాకా ఎక్కడుందో, ఆపుకుంటే ఆగలేదు. అతను కంగారుపడిపోయి, "ఆయిలే కదమ్మా, పోయించుకుంటాను, దానికింత ఏడుపెందుకు" అన్నాడు.

ప్లీడరు గారు చెప్పింది కూడా దాచకుండా రాస్తున్నాను. ఇంతటితో మిమ్మల్ని వదిలేస్తారని చెప్పలేనన్నారు. ఓనరు అప్పుడే మాట మార్చాడట. ఏ బండికి ఏ ఆయిలో మేస్త్రీ ఇష్టం, నాకేం తెలుసు అంటున్నాడట. ఆయన నున్నగా జారిపోతాడు, చూస్తూ ఉండండి. ఇక డాష్‌బోర్డు మీద ఆయిలు లేదని ఎర్ర దీపం వెలగడం చూసి కూడా బండి ఆపలేదని మీరే పోలీసులకి చెప్పారు. దాన్ని మాత్రం కోర్టువారు అడుగుతారట. వెనక ఆ పిల్ల కేకలు పెడుతుంటే, ఆసుపత్రి వంతెన అవతలే ఉంటే, మీరు ఆపి ఏం చేసేవారో నాకు తెలియదు. అది మీరు చేసిన పని. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎంత శిక్ష పడినా నేను ఎదురుచూస్తాను. కానీ ఆయిలు ఎండిపోవడం మీ చేతిలో జరగలేదు. మీరు చూశారు, అది నిండుగానే ఉంది. మీకు తెలియని ఆయిలు అది.

మీకు నా మీద కోపం వస్తుంది. రానివ్వండి. తమ్ముణ్ణి అప్పజెప్పిన ఆడదని అప్పుడే వీధిలో అంటున్నారు, మీరూ అనండి. మాట్లాడడం మానేసినా పడతాను. ఒక్కటి మాత్రం చెయ్యకండి. వాయిదా రోజున లేచి నిలబడి తప్పంతా నాదేనని ఒప్పుకోకండి. మీరు ఒప్పుకుంటే మీరూ బయటికి రారు, అబద్ధపు సాక్ష్యానికి వాడూ రాడు. వాణ్ణి నేను ఊరికే పంపినట్టవుతుంది.

పాప తన పేరు కూడా రాయమంటోంది. దానికి ఇవేవీ తెలియవు. మామయ్య ఊరెళ్లాడని చెప్పాను.

ఇట్లు,
మీ మాట అడగకుండా మీ పని చేసిన,
మీ ఇల్లాలు